ఓటు మన చేతికొచ్చిన ముచ్చట

మంట తగ్గుతున్నది, ఇంకో రెండు కట్టెలెయ్యి బిడ్డా. ఎలచ్చన్లంటే మైకులు, జెండాలు, నోట్లు అనుకుంటున్రు మీరు. సిద్దిపేటల ఓటు ఎవల మాట మీద పడ్డదో, ఎట్ల మారుకుంట వచ్చిందో చెప్త, ఇనుండ్రి.

మా నాయిన మొదటిసారి ఓటేసింది 1952ల. అప్పుడు మనది హైదరాబాద్ రాష్ట్రం. నిలవడ్డ ఒక్కొక్కలకు ఒక్కో డబ్బా, డబ్బా మీద గుర్తు బొమ్మ. ముద్ర గుద్దుడు లేదు, కాయితం తీస్కపోయి డబ్బాల ఏసుడే. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధముండె, వాళ్లు పీడీఎఫ్ పేరు మీద నిలవడ్డరు. నల్లగొండల రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లు పడ్డయి. అది పోరాటం జేసిన గడ్డ. మా ఊళ్లె మాత్రం పటేలు ఏ డబ్బా అంటె ఆ డబ్బానే. భూమి దస్త్రం పట్వారి కాడ, అప్పు పటేలు కాడ, ఇగ మా నాయిన ఓటు ఆయన చేతుల ఉంటదా?

నాకు ఓటొచ్చిన ఏడాదే 1970 సిద్దిపేట ఉప ఎన్నిక. అప్పుడు 21 ఏండ్లు నిండితెనే ఓటు. పద్దెనిమిదికి తెచ్చింది మొన్న మొన్న, 1989ల. 1969 తెలంగాణ ఉద్యమంల పోలీసుల కాల్పులకు పిల్లలు సచ్చిన దుఃఖం ఇంక ఆరలే. మన మదన్‌మోహన్ తెలంగాణ ప్రజా సమితి మొదలుపెట్టినోళ్లల్ల ఒకరు. పటేలు ఒక దిక్కు చెప్పిండు, సదువుకున్న పోరగాండ్లు ఇంకో దిక్కు ఇల్లిల్లు తిరిగిన్రు. మా నాయిన పోరగాండ్ల మాటిన్నడు. మదన్‌మోహన్ గెలిచిండు. మర్సటేడు ప్రజా సమితికి పది ఎంపీ సీట్లొచ్చినయి. గెలిచినంక పార్టీ పోయి కాంగ్రెస్‌ల కలిసింది. ఓటేసినోళ్ల కడుపు రగిలింది. ఆ మంట ఏండ్ల తరబడి లోపల్నే ఉండె.

1983 ఎలచ్చన్లకు తెలుగుదేశం రామారావు చైతన్యరథమెక్కి వచ్చిండు. సినిమా మొకం జూడ జనం ఎగవడ్డరు, నిజమే. కాని మా ఇంట్లె మాట తెచ్చింది రెండు రూపాల కిలో బియ్యం. మీ నాయినమ్మ నెలకెన్ని పైసలు మిగుల్తయో ఏండ్ల మీద లెక్కగట్టి చెప్పింది. లెక్కకందే మాట ఆడోళ్లకు చేరితె ఇంటి ఓటు తిరిగినట్టే. అయినా సిద్దిపేటల మదన్‌మోహనే గెలిచిండు. ఆయన కాడ రాజకీయం నేర్సుకున్న చంద్రశేఖర్‌రావు సైకిల్ గుర్తు మీద ఎదురు నిలవడి, వెయ్యి కంటె తక్కువ ఓట్లతోటి ఓడిండు. వెయ్యి ఓట్లంటె ఒక ఊరు బిడ్డా! 1985ల మల్ల నిలవడి గెలిచిండు. అప్పటిసంది ప్రతి ఎలచ్చన్లకు నామినేషన్ కాయితాలు కోనాయిపల్లి ఎంకన్న కాడ పెట్టినంకనే ఏస్తడు.

ఆ ఏండ్లల్లనే పటేల్ పట్వారీల ఏర్పాటు పోయింది. పటేలు జాగల కులపెద్దలు కూసున్నరు. ప్రచారమంటె సభ కాదు. సభకొచ్చేటోడు ముందే మనసు గట్టి జేసుకోనొస్తడు. అసలు పని రాత్రి పూట. ఓటరు లిస్టు ముందరేసుకోని పేరు పేరు చూస్తరు. ఎవడు భివండికి పోయిండు, ఎవడు దుబాయ్‌ల ఉన్నడు, ఎవలింట్ల పీనుగెల్లింది, ఎవడు ఎందుకు అలిగిండు. అలిగినోని ఇంటికి పొద్దున్నే మనిషి పోతడు. కులసంఘానికి బిల్డింగు, గుడికి గచ్చు, ఇగ మాట కుదిరినట్టే. పదేండ్ల కింద చెయ్యి పట్టుకోని దవాఖానకు తోల్కపోయినోణ్ణి మాత్రం ఏ బిల్డింగూ మరిపియ్యలేదు. ఇది నేను ఎన్నోసార్లు జూసిన.

నీళ్ల ముచ్చట ఇడిసిపెడితె సిద్దిపేట ఓటు సమజ్ గాదు. బిందెలు పట్టుకోని ఆడోళ్లు బోరింగుల కాడ కొట్లాడిన ఊర్లివి. మానేరు డ్యాం నుంచి పైపులేసి ఇండ్లకు నీళ్లు తెచ్చిన్రు. ఇరవై ఏండ్లయినా మా వాడ ఆడోళ్లు ఆ మాట మర్వలే. 2001ల చంద్రశేఖర్‌రావు టీఆర్ఎస్ పెట్టినంక పాత తెలంగాణ మంట మల్ల లేసింది. ధూంధాం పాటలకు మన రసమయి బాలకిషన్ గొంతెత్తితె సభ సభంత ఏడ్సేది. 2004, 2008, 2010, ఎన్ని ఉప ఎన్నికలొచ్చినా టీఆర్ఎస్ నుంచి హరీశ్‌రావే గెలిచిండు. 2018ల మెజారిటీ 1,18,699.

అట్లని ఓటు ఎవని జాగీరు గాదు. పక్క దుబ్బాక చూడుండ్రి, 2020 ఉప ఎన్నికల బీజేపీ రఘునందన్‌రావు 1,079 ఓట్లతోటి గెలిచిండు. టీఆర్ఎస్ కారు గుర్తు లెక్క కనవడే రొట్టెల పీట గుర్తుకు మూడున్నర వేల ఓట్లు పడ్డయి. కండ్లు సక్కగ కనవడని ముసలోళ్లు ఎందరు ఏది ఒత్తిన్రో ఎవలు జెప్తరు? ఎన్నికల కమిషనర్‌గ శేషన్ వచ్చినంక గోడలు శుభ్రమైనయి, ఓటరు కార్డులొచ్చినయి, మైకులకు టైమొచ్చింది. పైసలకే అడ్డు పడలే. ఎన్కట పటేలు బెదిరిచ్చి తీసుకున్నదాన్నే ఇయ్యాల కవర్ల పెట్టి కొంటున్రు. నాకు కడుపుల దేవినట్టయితది. మా నాయిన ఇరవై ఏండ్లు తనది అనుకోలేకపోయిన ఓటది.

మీకందరికి పద్దెనిమిది నిండినయి. రేపటి ఎలచ్చన్ల కవరు పట్టుకోని ఎవడన్నా మన అరుగెక్కితె, బడిల సార్లెందుకు తక్కువున్నరు, చెరువు కాలువ ఎందుకు పూడింది అని అడుగుండ్రి. జవాబు చెప్పినోనికి ఎయ్యిండ్రి. కవరు మాత్రం అరుగు దాటి లోపలికి రావద్దు.