చెరువు వదిలి మేత కొన్నారు

కొల్లేరులో సహకార సంఘాల కోసం ప్రభుత్వం చేపల చెరువులు తవ్వించడం మొదలుపెట్టింది 1976లో. అప్పుడు జలగం వెంగళరావు ముఖ్యమంత్రి. ఆ తవ్వకాలకు ఇప్పుడు యాభై ఏళ్లు. మరుసటి ఏడాది, 1977లో, బ్యాంకాక్ పక్కనున్న సముత్ సాఖోన్‌లో క్రైసోర్న్ చాన్సిరి అనే వ్యాపారి ట్యూనా చేపను డబ్బాల్లో పెట్టి ఎగుమతి చేసే చిన్న కంపెనీ తెరిచాడు. ఈ రెంటికీ అప్పట్లో ఏ సంబంధమూ లేదు. ఇవాళ కైకలూరు, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద దిగే మేత బస్తాల్లో ఆ కంపెనీకి వాటా ఉంది. దాని పేరు థాయ్ యూనియన్. ప్రపంచంలోని పెద్ద సీఫుడ్ కంపెనీల్లో ఒకటి.

కొల్లేరు రాతికెక్కింది నెత్తుటితో. రెండో పులకేశి ఇక్కడ చేసిన యుద్ధంలో సరస్సు నీళ్లు ఎర్రబడ్డాయని ఏడో శతాబ్దపు ఐహోళె శాసనం చెబుతుంది. అందులోని కునాల సరస్సు మన కొల్లేరేనని చరిత్రకారుల అభిప్రాయం. ఆ తర్వాత వేంగిలో చాళుక్యులు నిలదొక్కుకున్నారు, రాజ్యాలు మారాయి, ఏలూరు చేతులు మారింది. సరస్సు మీద బతికిన జాలరులు పట్టిన చేపను ఎవరికి ఏ ధరకు అమ్ముకున్నారో శాసనాలు పట్టించుకోలేదు.

విదేశీ కంపెనీ అనేది ఈ ప్రాంతానికి తెలిసింది డచ్చివాళ్లతోనే. 1602లో పుట్టిన వాళ్ల ఈస్టిండియా కంపెనీ 1613కల్లా పాలకొల్లులో గిడ్డంగి పెట్టింది. వాళ్లకు కావలసింది బట్ట. అప్పట్లో కోస్తా అంతటా నడిచిన పద్ధతి బయానా ఇవ్వడం. డబ్బు దళారి ద్వారా ముందే చేతికి వచ్చేది, నేత పూర్తయ్యాక బట్ట కంపెనీది. మగ్గం మాత్రం నేతగాడిదే. నూలు ధర పెరిగినా, వానకు పడుగు పాడైనా ఆ నష్టమూ అతనిదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలువలు పారాయి, డెల్టా అంతా వరిచేలయింది. బట్టల కంపెనీలు అప్పటికే పోయాయి. వాళ్ల పద్ధతి పోయిందని మాత్రం నేను అనుకోను.

ఈ కథలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం 2009 నుంచి 2013 దాకా నడిచింది. దానికి ముందు ఒక దెబ్బ ఉంది. తొంభైల మొదట్లో టైగర్ రొయ్య డబ్బు కురిపించింది. 1993లో పుట్టిన అవంతి ఫీడ్స్ ఆ ఊపులోనే కొవ్వూరులో మేత ఫ్యాక్టరీ పెట్టింది. అంతలోనే తెల్లమచ్చ తెగులు వచ్చిపడింది. రాత్రి మేత తిన్న రొయ్య తెల్లారేసరికి గట్టు వారకు చేరి చచ్చేది. ఎంతోమంది చెరువులు ఎండబెట్టి మళ్లీ వరికో చేపకో తిరిగారు.

2009లో కేంద్రం వెనామీ సాగుకు అనుమతి ఇచ్చింది. మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరంలో పుట్టి పెరిగే రొయ్య ఇది. తల్లి రొయ్యలు విమానాల్లో వచ్చి, చెన్నై నీలాంకరైలో క్వారంటైన్‌లో ఉండి, అక్కణ్నించి హేచరీలకు చేరేవి. టైగర్ ఎక్కువగా చెరువు అడుగునే మసలుతుంది. వెనామీ మధ్య నీళ్లలోనూ ఈదుతుంది కాబట్టి ఎకరానికి ఎక్కువ సీడ్ పడుతుంది, ఉప్పు తక్కువున్న నీళ్లలోనూ పెరుగుతుంది. కొల్లేటి చుట్టుపక్కల పొలాలకు ఇంతకంటే సరిపోయే రొయ్య లేదు.

అయితే దానికి మేత పెట్టడం ఒక విద్య. చెరువు నాలుగు మూలలా వలగుడ్డ బిగించిన చెక్ ట్రేల్లో గుప్పెడు మేత వేసి నీళ్లలోకి దించుతారు. రెండు గంటలకు పైకి లాగుతారు. ట్రే ఖాళీగా ఉంటే తర్వాతి పూట మేత పెంచుతారు. మిగిలితే తగ్గిస్తారు, లేదంటే అది అడుక్కి చేరి కుళ్లి నీళ్లను చెడగొడుతుంది. ట్రేలో దొరికిన రొయ్యను అరచేతిలో పెట్టుకుని వెలుగుకు ఎత్తి చూస్తారు. గాజులాంటి ఒంట్లో వీపు వెంట నల్లటి గీతలా పేగు నిండుగా కనబడితే రైతు ఊపిరి పీల్చుకుంటాడు. గీత తెగితెగి ఉన్నా, పాలిపోయినా ఆ రాత్రి అతనికి నిద్ర ఉండదు. సాగు ఖర్చులో సగానికి పైగా ఈ మేతకే పోతుంది. లాభం వచ్చినా నష్టం వచ్చినా మేత అమ్మేవాడికి బస్తా బస్తాకీ డబ్బు రావాలి.

థాయ్ యూనియన్ అవంతిలో వాటా తీసుకున్నది ఆ రోజుల్లోనే. అది పెరిగి దాదాపు నాలుగో వంతుకు చేరింది. తర్వాత ప్రాసెసింగ్ కోసం పెట్టిన అవంతి ఫ్రోజెన్ ఫుడ్స్‌లో 40 శాతం వాళ్లదే. అవంతి నిర్వహణ మాత్రం ఒక తెలుగు కుటుంబం చేతిలోనే ఉంది. ఒక్క చెరువూ కొనకుండానే థాయ్ కంపెనీ గోదావరి రొయ్యలో భాగస్వామి అయింది.

ఇంతలో 2012లో థాయిలాండ్ చెరువుల్లోకి ఈఎంఎస్ అనే కొత్త జబ్బు వచ్చింది. సీడ్ వేసిన నెల్లాళ్ల లోపే రొయ్యలు చచ్చేవి. అక్కడి ఉత్పత్తి సగానికి పైగా పడిపోయింది. అమెరికా కొనుగోలుదార్లు మన వైపు తిరిగారు. 2013లో భీమవరం, ఆకివీడు రైతులు చూసిన ధరలు అంతకుముందు ఎన్నడూ చూడనివి. మేడలు లేచాయి, లీజులు ఎగిరాయి, కొవ్వూరు మేత కంపెనీ షేరు గురించి ముంబయిలో మాట్లాడుకున్నారు. సొంత దేశంలో చెరువులు పోతున్న కంపెనీకి గోదావరి మేతలో వాటా అప్పటికే చేతిలో ఉంది.

అప్పటికే నిలబడ్డ వ్యాపారాలను కొనడం, థాయ్ యూనియన్ ఎదిగిన దారే అది. 1997లో భాగస్వాములతో కలిసి అమెరికాలో చికెన్ ఆఫ్ ది సీ కొన్నది, కొన్నేళ్లకు మొత్తం తనదే చేసుకుంది. 2010లో 68 కోట్ల యూరోలకు ఎండబ్ల్యూ బ్రాండ్స్‌ను కొనడంతో బ్రిటన్‌లో జాన్ వెస్ట్, ఫ్రాన్స్‌లో పెతి నవీర్ వచ్చి చేరాయి. 2014లో నార్వే సార్డైన్ల కింగ్ ఆస్కార్ వచ్చింది. తాతల నాటి నుంచి జనం నమ్మిన పేరును కొంటే కొత్త పేరు నిలబెట్టే శ్రమ తప్పుతుంది. అదే ఏడాది అమెరికాలో బంబుల్ బీని కూడా బేరమాడారు. పోటీ చచ్చిపోతుందని అమెరికా న్యాయశాఖ అభ్యంతరం చెప్పడంతో 2015లో వదులుకున్నారు.

ఇక్కణ్నించి కథ ఒక దారిన నడవదు. 2016లో అమెరికాలోని రెడ్ లాబ్‌స్టర్ హోటళ్లలో 57.5 కోట్ల డాలర్లు పెట్టారు, 2020లో ఇతరులతో కలిసి మిగతా వాటా కొన్నారు. 20 డాలర్లకు ఎన్ని రొయ్యలైనా తినొచ్చన్న పథకాన్ని 2023లో రోజువారీ చేశారు. ఒక్క త్రైమాసికంలోనే కోటి డాలర్లకు పైగా నష్టం. 2024 మేలో హోటళ్లు దివాలా కోర్టుకెక్కాయి. థాయ్ యూనియన్ ఆ పెట్టుబడిని లెక్కల్లోంచి కొట్టేసి బయటపడింది. ఆ హోటళ్ల వల్ల అది మునగలేదు.

ఇక్కడి రైతుకు దెబ్బ మరో వైపు నుంచి తగిలింది. 2025లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. రొయ్యల ధరలు రోజుల్లోనే దిగిపోయాయి.

కంపెనీ తన నష్టాన్ని లెక్కల్లోంచి తీసేయగలిగింది. కైకలూరులో పంట పోయిన కౌలు రైతు చేతిలో అలాంటి పద్దు లేదు. లీజు డబ్బు చెరువు గలాయనకు, మేత అప్పు డీలరుకు, కరెంటు బిల్లు ఎప్పటిలాగే. ఆక్వా పంటకు బీమా గట్టిగా అమలై ఉంటే వీటిలో ఒక్కటైనా తీరేది. మేతలో, హేచరీలో, ఎగుమతిలో పెట్టుబడి పెట్టడానికి విదేశాల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. చెరువులో రైతుతో సమంగా నష్టం పంచుకునే పెట్టుబడి ఇప్పటికీ రాలేదు.