మలివయసు కెమెరా



మీ ఇంట్లో డెబ్బై, ఎనభై దాటిన పెద్దవారుంటే వారి పుట్టినరోజు ఎప్పుడో ఒకసారి అడిగి చూడండి. చాలా ఇళ్లలో ఒకటికి రెండు జవాబులు వస్తాయి. బడిలో రాయించిన తేదీ ఒకటి. ఎంతోమందికి అది జూలై 1. పిల్లవాణ్ణి బడిలో వేసిన నాడు మాస్టారే ఒక లెక్క కట్టి వేసిన తేదీ అది. ఇంట్లో చెప్పుకునేది వేరు: ఫలానా మాసం, ఫలానా తిథి, ఫలానా నక్షత్రం. అదీ గుర్తు లేకపోతే, పెద్ద గాలివాన వచ్చిన ఏడు. ఈ విషయంలో యానాం వారు కాస్త అదృష్టవంతులు. ఫ్రెంచివారి పాలనలో 'ఎతా సివిల్' అని జనన మరణాలు రాసే దస్తరాలు ఉండేవి.

తేదీ సరిగా తెలియకపోయినా సంవత్సరం పేరు మాత్రం పెద్దలు మరిచిపోయేవారు కారు. ప్రభవ, విభవ అంటూ సాగే అరవై పేర్లు ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదటికి వస్తాయి. 1927 ఉగాదికి మొదలైన ప్రభవ 1987లో మళ్లీ వచ్చింది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల శ్రోతలకు తెలుసు, తమిళుల సంవత్సరాది ఏప్రిల్ నడుమ వచ్చినా ఏటి పేరు మాత్రం అదే. పుట్టిన ఏడు పేరు తిరిగి వచ్చినప్పుడు షష్టిపూర్తి. కేకు కోసే పుట్టినరోజులు రాకముందు, పెద్దవారికి పెద్ద పుట్టినరోజు అంటే అదే.

ఇక ఫొటో సంగతి. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. ముగ్గురు కలిసి ఫొటో దిగితే నడుమనున్నవారికి గండం అనే మాట ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. ఆయుష్షు కోరి చేసుకునే వేడుక పుట్టినరోజు. ఆయుష్షు తగ్గిస్తుందని భయపెట్టిన వస్తువు కెమెరా. ఈ రెండూ మన పాత ఇళ్లలో ఒకచోట కలవడానికి చాలా కాలం పట్టింది. ఎన్నో ఇళ్లలో అవి షష్టిపూర్తి పీటల మీదనే కలిశాయి. స్టూడియో మనిషిని పిలిపించి, దంపతులను పీటల మీద కూర్చోబెట్టి, వెనుక కొడుకులనూ కోడళ్లనూ, ముందు మనవలనూ నిలబెట్టి తీయించిన ఫొటో మీ ఇంటి గోడకూ ఉండవచ్చు.

ఆ ఫొటోలో స్నేహితులెక్కడ? బళ్లారిలో నలభై ఏళ్లపాటు గోడకవతల నుంచి మజ్జిగ తోడు ఇచ్చిన కన్నడ పొరుగావిడ ఎక్కడ? బరంపురంలో రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చునే ఒడియా మిత్రుడు ఎక్కడ? బంధుత్వాన్ని బట్టి నిలబెట్టే వరసలో వారికి చోటుండదు. ఉన్నా ఏ చివరనో, సగం భుజం తెగిపోయి ఉంటారు.

స్నేహితులను నట్టనడుమ కూర్చోబెట్టి ఫొటోలు తీసిన ఒక మనిషి కథ ఈరోజు మీకు చెప్పదలచాను. ఆమె స్టూడియో వృత్తిలో ఉన్నది కాదు. కెమెరా ముట్టింది కూడా నలభై ఎనిమిదో ఏట. పేరు జూలియా మార్గరెట్ కామెరాన్. 1815 జూన్ 11న కలకత్తాలో పుట్టింది. ఆమె భర్త చార్లెస్ హే కామెరాన్, మెకాలేతో పాటు మొదటి లా కమిషన్‌లో పనిచేసిన న్యాయవేత్త. ఆ కమిషన్ తయారుచేసిన ముసాయిదాయే 1860లో ఇండియన్ పీనల్ కోడ్ అయింది. 2024 జూలై 1న దాని స్థానంలో కొత్త చట్టం వచ్చేదాకా మన తాతల కాలం నుంచీ కోర్టులలో వినిపించిన సెక్షన్లలో ఎన్నో దానివే.

కామెరాన్ దంపతులు 1848లో ఇంగ్లండు వెళ్లారు. 1860లో ఐల్ ఆఫ్ వైట్ అనే ద్వీపంలో, ఫ్రెష్‌వాటర్ అనే ఊళ్లో స్థిరపడ్డారు. 1863 డిసెంబరు నాటికి భర్త సిలోనులోని కాఫీ తోటలు చూసుకోవడానికి వెళ్లి ఉన్నాడు. పిల్లలు చాలావరకు ఎదిగిపోయారు. ఇల్లు బోసిపోయింది. అమ్మకు పొద్దుపోతుందని కూతురు, అల్లుడు కలిసి ఒక కెమెరా కొనిచ్చారు.

అప్పటి కెమెరా ఇప్పటిలాగా నొక్కితే పనిచేసేది కాదు. గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, వెండి లవణం కలిపిన నీటిలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీయాలి. తీసిన వెంటనే చీకటి గదిలో కడగాలి. చేతులు, బట్టలు నల్లబడేవి. ఆమె బొగ్గుల కొట్టును చీకటి గది చేసింది, కోళ్ల గూడును స్టూడియో చేసింది. ఫొటో అచ్చు వేసే కాగితానికి ఆ రోజుల్లో కోడిగుడ్ల తెల్లసొన పూసేవారు. ఆ విధంగా కోళ్లు గూడు పోగొట్టుకున్నా ఫొటోల నుంచి మాత్రం తప్పించుకోలేకపోయాయి. 1864 జనవరిలో, కెమెరా అందిన కొద్దివారాలకే, ఆనీ అనే చిన్నపిల్ల ఫొటో కుదిరింది. తన మొదటి విజయం అని దాని మీద ఆమె రాసుకుంది.

ఒక్కొక్క ఫొటోకు కొన్ని నిమిషాలపాటు కదలకుండా కూర్చోవాలి. డబ్బిచ్చి ఫొటో తీయించుకునే మనిషి ఆ బాధ ఎందుకు పడతాడు? స్నేహితులు పడ్డారు. పొరుగింటి మహాకవి టెన్నిసన్ కూర్చున్నాడు. చిత్రకారుడు వాట్స్ కూర్చున్నాడు. ఇంట్లో పనిచేసే మేరీ హిలియర్ అనే అమ్మాయి ఎన్నోసార్లు మేరీమాతగా కూర్చుంది. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. టెన్నిసన్ కూర్చోనంటే ఆమె ఏమీ చేయలేదు. పనిపిల్ల కూర్చోనంటే ఏమయ్యేది? అందరి ఓపికనూ స్నేహం ఖాతాలో వేయలేము. ఆ ఫొటోలు ఎంత అందమైనవైనా ఈ ప్రశ్న వాటి వెంటే ఉంటుంది.

ఆమె పాత స్నేహాలలో ఒకటి సర్ జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్తతో కుదిరినది. ఇద్దరూ 1836లో దక్షిణాఫ్రికాలోని కేప్‌లో కలిశారు. ఆమె ఆరోగ్యం కోసం అక్కడికి వెళ్లింది. ఆయన దక్షిణాకాశంలోని నక్షత్రాలను పరిశీలించడానికి వెళ్లాడు. ఫొటోను చెరిగిపోకుండా నిలిపే 'హైపో' గుణాన్ని 1819లోనే కనిపెట్టినది ఆయనే. నెగటివ్, పాజిటివ్ అనే మాటలను ఫొటోగ్రఫీలో వాడుకలోకి తెచ్చినదీ ఆయనే. ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలో, 1842లో, కలకత్తాలో ఉన్న ఈమెకు ఆయన కొన్ని నమూనాలు పంపాడు. తన చేతికి కెమెరా వచ్చిన మరుసటి ఏడే, 1864 నవంబరులో, ఆమె తన ఫొటోలతో ఒక ఆల్బం తయారుచేసి ఆయనకు కానుకగా ఇచ్చింది.

ఆ ఆల్బంలో ఉండవలసిన ముఖ్యమైన ముఖం మాత్రం ఇంకా తీయలేదు. 1867 మార్చి 7న హెర్షెల్‌కు డెబ్బై అయిదేళ్లు నిండాయి. మరుసటి నెలలో ఆమె ఆ బరువైన సామానంతా మోయించుకుని కెంట్‌లోని ఆయన ఇంటికి వెళ్లింది. జుట్టు పొంగినట్టు రావాలని తలంటుకోమని చెప్పిందట. అంతటి శాస్త్రవేత్తకు అలా చెప్పగలగడం పాత స్నేహితులకే చెల్లు! రేడియోలో ఆ ఫొటో మీకు చూపించలేను కానీ మాటల్లో చెబుతాను. చుట్టూ చీకటి. తెల్లటి జుట్టు వెలుగు పొగలా లేచి ఉంటుంది. కళ్ల కింద ముడతలు ఒక్కటీ దాచలేదు. కళ్లు మనలను చూడవు, ఎక్కడో దూరాన్ని చూస్తుంటాయి. నాలుగేళ్ల తర్వాత, 1871 మేలో, హెర్షెల్ కన్నుమూశాడు.

అప్పటి ఫొటో పత్రికలు ఆమెను ఎగతాళి చేశాయి. బొమ్మ మసకగా ఉందన్నారు, పలక మీద గీతలున్నాయన్నారు. వృత్తివారి కొలతలో ఆ తప్పులు నిజమే. మరి అదే ఏళ్లలో వృత్తివారు తీసిన వేలాది నిగనిగలాడే ముఖాలలో ఎన్ని మనకు గుర్తున్నాయి?

ఇటువంటి పని చేయడానికి అంత తీరికా అంత డబ్బూ అందరికీ ఎక్కడివి? కెమెరా సామాన్యుడి దాకా రావడానికి ఇంకా కాలం పట్టింది. అమెరికాలో ఈస్ట్‌మన్ 1888లో కోడక్ కెమెరా తెచ్చాడు. 1900లో ఒక డాలరుకే బ్రౌనీ వచ్చింది. 1930లో ఆ కంపెనీ తన యాభయ్యో ఏడు సందర్భంగా, ఆ ఏట పన్నెండు నిండే పిల్లలకు పుట్టినరోజు కానుకగా సుమారు 5 లక్షల కెమెరాలు ఉచితంగా పంచిపెట్టింది. తెలివైన వ్యాపారం. పిల్లల చేతిలో కెమెరా పెడితే ఫిల్ము కొనేది తల్లిదండ్రులు కదా! అరవై నిండినవారికి ఇవ్వాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మనవైపు మధ్యతరగతి చేతికి కెమెరా వచ్చింది అగ్ఫా క్లిక్ త్రీతో అనవచ్చు. బరోడాలో తయారైన నల్లటి పెట్టె. రోలుకు పన్నెండు ఫొటోలు. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టాక 'ఇందు' ఫిల్ము దొరికేది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు మూతపడింది. పన్నెండే ఫొటోలు కాబట్టి ఆచితూచి తీసేవారు. చివర రెండు మిగిలితే అవి వచ్చే పండుగదాకా కెమెరాలోనే ఉండేవి. రిటైరైన మాస్టర్లూ, రైల్వే ఉద్యోగులూ ఆ మిగిలిన రెండింటిలో ఎవరిని తీసేవారో పాత పెట్టెలు తెరిస్తే తెలుస్తుంది: అరుగు మీద స్నేహితుడు, చదరంగం బల్ల, పొరుగావిడ చేతిలో మీ ఇంటి పసిబిడ్డ. స్టూడియో ఫొటోలో చోటు దొరకని వారందరూ అక్కడ నడుమకు వచ్చారు. ఈరోజు ఫోనులోనే కెమెరా ఉంది కాబట్టి, మీలో డెబ్బై ఏళ్లవారు కూడా ఆ పని చేస్తూనే ఉన్నారు.

అయితే సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఒక చిక్కుంది. పాత ఫొటోల వెనుక పేర్లు, తేదీలు తెలుగులో రాసి ఉంటాయి. బళ్లారి, కోలారు పిల్లలు కన్నడం చదువుకున్నవారు కాబట్టి లిపి పోలికను పట్టి కూడబలుక్కోగలరు. షోలాపూరులో మరాఠీ, బరంపురంలో ఒడియా, హోసూరులో తమిళం మాత్రమే చదువుకున్న మనవడికి తాతగారి అక్షరాలు గీతలే. తాతగారు పోయాక ఆ ఫొటోలో పక్కన నవ్వుతున్నది ఎవరో చెప్పేవారుండరు. బంధువైతే ఎవరో ఒకరు పోల్చుకుంటారు. స్నేహితుణ్ణి పోల్చగలిగింది ఆ ఒక్క మనిషే. ఈసారి మీ పెద్దవారి పుట్టినరోజున, ఏ తేదీ ప్రకారం చేసినా సరే, ఆ పెట్టె దించి పక్కన కూర్చోండి. వారు చెబుతుంటే పేరు, ఊరు, ఏడు రెండు లిపులలోనూ రాయండి. మెత్తటి పెన్సిలుతో అంచున రాస్తే చాలు. బాల్‌పెన్ను నొక్కు ఇవతలికి పడుతుంది.

కామెరాన్ కూడా 1875లో ఇంగ్లండు వదిలి సిలోను వెళ్లిపోయింది. అక్కడ తీసిన ఫొటోలు కొద్దిగానే మిగిలాయి. తోటలలో పనిచేసేవారినీ, ఊరివారినీ తీసింది గానీ వారిలో చాలామంది పేర్లు మనకు తెలియవు. 1879 జనవరి 26న అక్కడే మరణించింది. హెర్షెల్‌కు ఇచ్చిన ఆల్బం దేశం దాటిపోబోతుంటే 1975లో చందాలు పోగుచేసి మరీ బ్రిటన్‌లో నిలుపుకున్నారు. ఆమె ఫొటోలు అంటించిన అట్టల మీద చాలావాటికి అడుగున ఆమె చేతిరాత కనిపిస్తుంది: ఎదుట కూర్చోబెట్టి తీసినదని ఒక మాట, కూర్చున్న మనిషి పేరు, ఆ పక్కన తన సంతకం.