విత్తనము – క్షేత్రము: కాన్సరు సంచార చరిత్రలో ఒక తెలుగు ఘట్టము

చంద్రపూర్ జిల్లా లక్కడ్‌కోట్ ప్రాంతపు తెలుగు రైతునకు ఒక సంగతి ఎవరును బోధింప నక్కరలేదు. నల్లరేగడిలో ఏపుగా పెరుగు ప్రత్తివిత్తనము చవిటినేలలో మొలకెత్తకయే నశించును. ఈ సామాన్యసత్యమే 1889లో లండను నగరమున వైద్యశాస్త్రమునకు ఒక క్రొత్తదారి చూపినది.

రాచపుండని మన పెద్దలు పిలిచిన కాన్సరు పుట్టినచోటనే నిలిచియున్నచో శస్త్రవైద్యుని కత్తి రోగిని తరచుగా కాపాడగలదు. మరణములలో అధికభాగము దాని సంచారమువలననే సంభవించుచున్నవి. మూలవ్రణమునుండి విడివడిన కణములు రక్తనాళములలోనో, లింఫునాళములలోనో ప్రవేశించి, దూరావయవములను చేరి, అచట పిల్లవ్రణములను పుట్టించును. ఫ్రెంచి వైద్యుడు రెకామియే 1829లో దీనిని 'మెటాస్టాసిస్' అని వ్యవహరించెను.

అవి ఏ అవయవమును ఆశ్రయించును? ఎందుచేత? ఆంగ్ల శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్ స్తనకాన్సరుతో మరణించిన 735 మంది స్త్రీల శవపరీక్షా వివరములను పరిశీలించెను. కాలేయమున 241 మందికి పిల్లవ్రణములు కానవచ్చెను. ప్లీహమున 17 మందికి మాత్రమే. ప్లీహమునకును రక్తము సమృద్ధిగనే ప్రవహించును గదా! కావున ఇది కేవలము యాదృచ్ఛికము కాదనియు, కణము విత్తనమువంటిది, అవయవము క్షేత్రమువంటిది యనియు, అనుకూలక్షేత్రమున పడిన విత్తనమే మొలకెత్తుననియు ఆయన నిర్ణయించెను.

1928లో అమెరికా వైద్యుడు జేమ్స్ యూయింగ్ ఈ వాదమును అంగీకరింపలేదు. రక్తప్రవాహపు మార్గమే సర్వమును నిర్ణయించుననియు, కణములు మొదట తగిలిన సన్నని నాళములలో చిక్కుకొనుననియు ఆయన వాదించెను. ఇందును సత్యము లేకపోలేదు. ప్రేగుల రక్తము నేరుగా కాలేయమునకు పోవును. పెద్దప్రేగు కాన్సరు తరచు కాలేయమునకే ప్రాకును.

ఈ వివాదమును ప్రయోగముతో పరీక్షించినవాడు ఐజయా ఫిడ్లర్. ఎలుకల రక్తములోనికి ఎక్కించిన కాన్సరు కణములలో ఒక దినము గడచునప్పటికి వేయింట ఒకటికన్న తక్కువ మాత్రమే మిగులునని ఆయన 1970లో చూపెను. 1980లో ఆయనయు, ఇయాన్ హార్టును ఎలుకల శరీరమున వేరొకచోట ఊపిరితిత్తి, అండాశయము, మూత్రపిండముల ముక్కలను అంటుకట్టి, మెలనోమా కణములను రక్తములోనికి పంపిరి. ఊపిరితిత్తి, అండాశయ ఖండములలో వ్రణములు పెరిగెను. మూత్రపిండ ఖండమున పెరుగలేదు. మార్గము కణమును చేర్చును, క్షేత్రము దానిని నిలుపును అని తేలినది.

ఈ చరిత్రలో మన జాతికి గర్వకారణమగు ఘట్టమొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, మద్రాసులో వైద్యవిద్య ముగించి, 1922లో అమెరికా చేరిరి. హార్వర్డులో పరిశోధనలు గావించిన పిమ్మట, 1940లో లెడర్లే ప్రయోగశాలలలో ప్రవేశించి పరిశోధనలకు నాయకత్వము వహించిరి. వారి బృందము ఫోలిక్ ఆమ్లమును సంధించి, తదుపరి దానికి విరోధులగు పదార్థములను తయారుచేసెను. వానిలో నొకటియగు అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బరు రక్తకాన్సరు గల 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందికి తాత్కాలికముగ గుణమిచ్చినదని 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు దివంగతులైరి.

ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేటు వేరొక అద్భుతమును సాధించెను. కోరియోకార్సినోమా యనునది గర్భస్థశిశువు మావికి సంబంధించిన కాన్సరు. గర్భాశయ రక్తము గుండెకుడిభాగమునుండి ఊపిరితిత్తులకు పోవును గనుక, ఆ కణములు ముఖ్యముగ అచటనే పాతుకొనును. 1956లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జులు ఈ మందునిచ్చి, ఊపిరితిత్తులకు ప్రాకిన ఆ వ్రణములను మాపిరి. లక్షణములు మాయమైనను, వ్యాధి తాలూకు హార్మోను పూర్తిగా అదృశ్యమగువరకు లీ చికిత్స నాపలేదు. దేహమంతట వ్యాపించిన ఘనవ్రణము ఔషధముచే నయమగుట అదియే ప్రథమము. 1972లో వారికి లాస్కరు బహుమానము లభించెను.

దీని పరమార్థమేమి? కత్తి ఒక పొలమునే శుభ్రపరచును. రక్తముతో ప్రయాణించు మందు విత్తనమును ఏ పొలముననైనను వెదకి పట్టగలదు. అన్ని కాన్సరులును ఈ విధముగ లొంగలేదు. వ్యాపించిన స్తన, ప్రేగు కాన్సరులు నేటికిని కఠినములే. కావుననే గడ్డ కనబడిన సోదరి సిగ్గుచేతనో, భయముచేతనో దానిని దాచుట తగదు. విత్తనము చెదరకముందే వైద్యుని చేరుట శ్రేయస్కరము. సుబ్బారావుగారి స్మృతికి మన మర్పింపగల నివాళి విగ్రహములకన్న ఈ జాగరూకతయే.