ఇందూరు సీమలో డయాలసిస్: రక్తనాళాల చరిత్ర

మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిని డయాలసిస్ మీద బతికేవారిలో రక్తనాళాలు వయసుకు మించి ముదురుతాయి. డయాలసిస్‌లో ఉన్న యువకులకు గుండెజబ్బుతో చనిపోయే ముప్పు సాధారణ జనంలో వృద్ధులకున్నంత ఉంటుందని 1998లో అమెరికా గణాంకాలు తేల్చాయి. డయాలసిస్ యంత్రం రక్తంలోని మలినాలను చాలావరకు తొలగిస్తుంది కానీ నాళాల గోడల్లో రగిలే వాపును ఆర్పలేదు. వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అనే ఈ వాపు పైకి కనిపించదు, నొప్పి కూడా పెట్టదు. ఒకప్పటి ఇందూరు అయిన నిజామాబాద్‌కూ బోధన్‌కూ డయాలసిస్ చేరువైన తీరును ఈ సంగతితో కలిపి చూడాలి.

దీర్ఘకాలపు వాపు మూత్రపిండాలకు చేసే హానికి పాత ఉదాహరణ కుష్ఠువ్యాధి. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో 1915లో స్కాట్లండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠు ఆసుపత్రిని నెలకొల్పారు. స్థానిక దాత రాజా నర్సాగౌడ్ అందుకు ధనసాయం చేశారు. కుష్ఠు ఏళ్ల తరబడి ముదిరినవారిలో కాలేయం ఒక రకం ప్రొటీన్‌ను అదేపనిగా తయారుచేస్తుంది. అది అమిలాయిడ్‌గా మారి మూత్రపిండాల్లో పేరుకుని వాటిని పాడుచేస్తుంది. కుష్ఠురోగుల మరణాలకు ఇదొక ముఖ్య కారణమని తర్వాతి పరిశోధనల్లో తేలింది. వాపు తగ్గకపోతే దూరంగా ఉన్న అవయవమూ దెబ్బతింటుందన్న ఈ పాఠమే తర్వాత డయాలసిస్ వైద్యానికీ వర్తించింది.

డయాలసిస్ భారం ఇక్కడ ఎవరిమీద పడిందో తెలియాలంటే చెరకు కథ చూడాలి. ఈ సీమకు చెరకు నీటితో వచ్చింది. మంజీరా నదిపై 1923లో మొదలైన నిజాంసాగర్ నిర్మాణం 1931లో ముగిసింది. కాలువల కింద చెరకు విస్తరించింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసి, ఒక దశలో ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారంగా పేరుపొందింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. జీతాలు ఆగిన కార్మిక కుటుంబాలకూ, అమ్ముకునే చోటు పోయిన చెరకు రైతులకూ దీర్ఘకాలిక జబ్బు మరింత భారమైంది. దేశంలో మూత్రపిండాల వైఫల్యానికి ముందువరుసలో ఉన్న కారణాలు మధుమేహం, రక్తపోటు. ఈ రెండూ డయాలసిస్ మొదలుకాకముందే నాళాలను గాయపరుస్తాయి.

డయాలసిస్ యంత్రాన్ని 1943లో నెదర్లాండ్స్‌లోని కాంపెన్‌లో విల్లెం కోల్ఫ్ తయారుచేశారు. అయితే ప్రతిసారీ కొత్తగా నాళాన్ని కోయవలసి రావడంతో కొద్దిరోజుల చికిత్సకే అది పనికొచ్చేది. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టంతో ఆ అడ్డంకిని దాటారు. ఆయన తొలి రోగి క్లైడ్ షీల్డ్స్ పదకొండేళ్లు జీవించి, 1971లో గుండెపోటుతో మరణించారు. 1966లో న్యూయార్క్‌లో బ్రెసియా, చిమినో బృందం చేతిలోని ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేసే పద్ధతిని ప్రకటించింది. 1974లో సియాటిల్ వైద్యులు 39 మంది రోగుల చరిత్రను పరిశీలించారు. వారిలో 23 మంది చనిపోగా, 14 మరణాలకు కారణం ధమనుల జబ్బే. దీర్ఘకాల డయాలసిస్‌లో నాళాలు వేగంగా పాడవుతాయని వైద్యలోకం గుర్తించింది అప్పుడే.

కారణం తేలడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1999లో స్వీడన్ పరిశోధకుడు పీటర్ స్టెన్‌వింకెల్ బృందం పోషకాహార లోపం, వాపు, ధమనుల జబ్బు మూడూ కలిసే నడుస్తాయని చూపింది. వాపు ఉన్నప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం పెరుగుతుంది. దాని ప్రేరణతో కాలేయం వాపుకు సూచిక అయిన సీఆర్‌పీ ప్రొటీన్‌ను ఎక్కువగా, ఆల్బుమిన్‌ను తక్కువగా తయారుచేస్తుంది. ఆకలి చచ్చి, కండ కరుగుతుంది. మరోపక్క మూత్రపిండాలు వదిలించలేని భాస్వరం రక్తంలో పెరిగి, ధమని మధ్యపొరలోని కండర కణాలను ఎముక కణాల తీరుకు మారుస్తుంది. గోడలో సున్నం పేరుకుంటుంది. సాగే గుణం పోయిన ధమనిలోకి రక్తాన్ని నెట్టేందుకు గుండె ఎక్కువ శ్రమపడి, దాని ఎడమ గోడ మందమవుతుంది.

హైదరాబాద్‌కు నిజామాబాద్ సుమారు 175 కిలోమీటర్లు, బోధన్ ఇంకా అవతల. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు సాగే చికిత్సకు ఆ దూరం పెద్ద అడ్డంకి. తెలంగాణ ఏర్పడిన 2014 నాటికి రాష్ట్రంలో ప్రభుత్వ డయాలసిస్ కేంద్రాలు హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల్లో మూడే ఉండేవని, 2023 నాటికి అవి నూరు దాటాయని ప్రభుత్వం ప్రకటించింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు ఖర్చు భారం తగ్గించింది. నిజామాబాద్‌లో 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనూ, బోధన్ ప్రభుత్వాసుపత్రిలోనూ డయాలసిస్ అందుబాటులోకి వచ్చింది. రక్తాన్ని వడకట్టే డయలైజర్‌ను ఒకరికి ఒకసారి వాడాక మళ్లీ వాడని పద్ధతిని రాష్ట్రం చేపట్టింది. 2022లో డయాలసిస్ రోగులకు నెలకు రూ.2,016 ఆసరా పింఛను మంజూరైంది. ఊరికి దగ్గరగా యంత్రం రావడంతో చికిత్స మధ్యలో మానేయవలసిన అవసరం తగ్గింది.

చికిత్స దగ్గరికి వచ్చాక మిగిలేది దాని నాణ్యత. ఒక్కో విడతలో సుమారు 120 లీటర్ల శుద్ధ జలం పలుచని పొర అవతల రక్తం పక్కనే పారుతుంది. ఆ నీటిలో సూక్ష్మక్రిముల విషపదార్థాలు ఉంటే వాపు పెరుగుతుంది, అందుకే నీటిని శుద్ధిచేసే ఆర్‌ఓ ప్లాంటు నిర్వహణా, నీటి పరీక్షలూ మందులంత ముఖ్యం. మెడ దగ్గర పెట్టే క్యాథెటర్‌తో ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎక్కువ, ఫిస్టులాతో తక్కువ. ఫిస్టులా వాడుకకు సిద్ధం కావడానికి వారాలు పడుతుంది కాబట్టి మూత్రపిండాలు పూర్తిగా పాడవకముందే దాన్ని చేయించుకోవాలి. చిగుళ్ల జబ్బుకు వైద్యం, బీడీ మానేయడం, భాస్వరం అదుపు, తగినంత మాంసకృత్తులు నాళాలను కాపాడే చర్యలు. పసుపు పండే ఈ జిల్లాలో వాపు తగ్గుతుందన్న ఆశతో పసుపు మాత్రలవైపు మొగ్గడం సహజమే. కానీ కూరలో వేసుకునే చిటికెడుకూ, మోతాదు మించిన మాత్రలకూ చాలా తేడా ఉంది. ఎక్కువ మోతాదులో పసుపులోని ఆక్సలేట్ మూత్రపిండాలను దెబ్బతీసిన ఉదంతాలు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి.

ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే మందులు సీఆర్‌పీని బాగా తగ్గిస్తాయని ఇటీవలి ప్రయోగాలు చూపాయి. కిడ్నీ మార్పిడితో గుండెజబ్బు ముప్పు తగ్గుతుంది. తెలంగాణలో మరణానంతర అవయవదానాన్ని జీవన్‌దాన్ కార్యక్రమం నడుపుతోంది. అయితే ధమని గోడలో ఒకసారి పేరుకున్న సున్నం మార్పిడి తర్వాతా చాలావరకు అలాగే ఉండిపోతుంది. అందుకే నాళాల సంరక్షణ రక్తంలో క్రియాటినిన్ అనే మలినం పెరగడం మొదలైన దశలోనే ఆరంభం కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేసే బీపీ, చక్కెర, మూత్ర పరీక్షలే దానికి తొలి మెట్టు.