రక్తం ఆగింది కదా, ఇంకా మాత్రలెందుకు?

పోయిన నెల సమావేశం అయ్యాక మన సభ్యుడొకాయన నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, విరేచనంలో రక్తం ఆగి ఆర్నెల్లయింది. మాత్రలు మానేశాను, తప్పా?" అన్నాడు. ఆయనకున్నది అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. మొలలనుకుని సిగ్గుపడి రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఆయనకు చెప్పిన కథే మీకూ చెప్తాను.

1859లో ఇంగ్లండులో ఇసబెల్లా బ్యాంక్స్ అనే ఆమె విరేచనాలతో చనిపోయింది. ఆమెతో ఉంటున్న స్మెతర్స్ట్ అనే డాక్టరు విషం పెట్టాడని కేసు పెట్టారు. ఆర్సెనిక్ పరీక్షకు వాడిన రాగిలోనే ఆర్సెనిక్ ఉందని బయటపడినా ఉరిశిక్ష వేశారు! డాక్టర్లు గోల చేశాకే ఉరి తప్పింది. (రెండో పెళ్లి చేసుకున్నందుకు మాత్రం జైలుకు పోయాడు.) ఆమె పేగులోని వాపు, పుండ్ల గురించి శామ్యూల్ విల్క్స్ రాసిన దాంతోనే ఈ జబ్బు చరిత్ర మొదలైందంటారు. ఆమెది క్రోన్స్ జబ్బని తర్వాత కొందరు వాదించారు, అది వేరే సంగతి.

మందు మాత్రం కీళ్లవాతం కోసం పుట్టింది. స్వీడన్‌లో నానా స్వార్ట్జ్ అనే డాక్టరమ్మ సల్ఫా మందును, ఆస్పిరిన్ జాతి మందును కలిపి సల్ఫాసలజిన్ చేయించింది. అది పేగుకూ పనిచేస్తోందని గమనించి 1940లలో రాసింది. 1955లో ఆక్స్‌ఫర్డ్‌లో ట్రూలవ్, విట్స్ 210 మంది మీద కార్టిజోన్ పరీక్షించి, తీవ్రంగా ఉన్న జబ్బును అది లొంగదీస్తుందని చూపించారు. అయితే స్టెరాయిడ్ మంట ఆర్పడానికే. ఏళ్ల తరబడి వాడేది కాదు.

మనవాడి ప్రశ్నకు జవాబు 1965లో దొరికింది. జబ్బు అణిగిన వాళ్లలో కొందరికి సల్ఫాసలజిన్, కొందరికి ఉత్త మాత్ర ఏడాది పాటు ఇచ్చి చూశారు. ఉత్త మాత్ర వాళ్లలోనే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. రక్తం ఆగడమంటే జబ్బు పోయిందని కాదు, మందు కాపలా కాస్తోందని.

తర్వాత 1977లో, ఆక్స్‌ఫర్డ్‌లోనే, బంగ్లాదేశ్‌కు చెందిన ఆజాద్ ఖాన్ తోటివారితో కలిసి ఆ మందును విడగొట్టి చూశాడు. పనిచేసేది ఆస్పిరిన్ జాతి భాగమే. తలనొప్పి, వికారం ఎక్కువగా సల్ఫా వల్లే. అలా సల్ఫా లేకుండా వచ్చినదే మనవాడు మానేసిన మెసలమైన్.

ఇదంతా విని, "ఎనిమిదేళ్లయిందన్నా, కొలొనోస్కోపీ చేయించమన్నారు, భయమేసి వెళ్లలేదు" అని అప్పుడు బయటపెట్టాడు. ఇన్నేళ్లయితే పేగులో కేన్సర్ ఛాయలున్నాయేమో చూడాలి గదా! డాక్టరుకు చూపించుకుని మాత్రలు మళ్లీ మొదలుపెట్టాడు. వచ్చే వారం కొలొనోస్కోపీ, తోడు నేనే వెళ్తున్నాను.