పచ్చ వెలుగు, వ్యాను డ్రైవరు

సీ. ఎలిగాన్స్ అని మిల్లీమీటరు పొడుగు నులిపురుగు ఒకటుంది. గుడ్డులోనే దాని న్యూరాన్లు కొన్ని పుట్టినచోటు వదిలి వలసపోతాయి (మనలాగే!). 1983లో అచ్చయిన ఆ కణాల వంశవృక్షం కోసం జాన్ సల్స్టన్ కేంబ్రిడ్జిలో ఏడాదిన్నరపాటు రోజుకి ఎనిమిది గంటలు మైక్రోస్కోపుకి కళ్ళప్పగించాడు. కణాలైతే కనబడ్డాయి గానీ, బతికున్న పురుగులో ఏ కణం ఏ ప్రొటీను తయారుచేస్తోందో చూసే దారి లేకపోయింది.

1992లో డగ్లస్ ప్రాషర్ జెల్లీఫిష్ పచ్చవెలుగు ప్రొటీను జీన్‌ని క్లోన్ చేశాడు. గ్రాంటు కరువై, అడిగినవాళ్ళకి ఇచ్చేశాడు. మార్టిన్ చాల్ఫీ దాన్ని మెక్-7 ప్రొటీను స్విచ్‌కి తగిలించి, 1994లో పురుగు స్పర్శ న్యూరాన్లని వెలిగించాడు. వాటిలో రెండు గుడ్డులో అలా వలసొచ్చినవే. ఆ పేపర్లో ప్రాషర్ పేరూ ఉంది. 2008 నోబెల్లో మాత్రం లేదు. ముగ్గురికి మించి ఇవ్వకూడదన్న రూలు నాకైతే అస్సలు నచ్చదు. అప్పటికి ప్రాషర్ అలబామాలో కార్ల డీలరు దగ్గర వ్యాను డ్రైవరు! ఆయన స్టాక్‌హోం ప్రయాణం ఖర్చులు విజేతలు చాల్ఫీ, రోజర్ చెన్ పెట్టుకున్నారు.