చెవి చేసే పని

చూపులేనివాళ్ళకి ముఖంతో చూసే శక్తి ఉంటుందని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. ఆ మాట చెప్పింది చాలాసార్లు వాళ్ళే. నడుస్తూ నడుస్తూ గోడ దగ్గరకొస్తే నుదుటికో బుగ్గకో ఏదో సోకినట్టుండి ఆగిపోయేవారు. దానికి ‘ఫేషియల్ విజన్’ అని పేరు కూడా ఉండేది. కార్నెల్ యూనివర్సిటీలో డాలెన్‌బాక్ అనే సైకాలజీ ప్రొఫెసరూ, సూపా, కాట్జిన్ అనే విద్యార్థులూ (సూపాకి చూపు లేదు) ఇదేమిటో తేల్చి 1944లో ప్రచురించారు. ముఖానికి మందపాటి ముసుగు వేసినా జనం గోడని పసిగట్టారు. బూట్లు విప్పించి తివాచీ మీద నడిపిస్తే తడబడ్డారు. చెవులు మూసేసరికి వెళ్ళి గుద్దుకున్నారు! అడుగుల చప్పుడు గోడకి తగిలి తిరిగొస్తుంటే చెవి వింటోంది, మనసేమో దాన్ని స్పర్శ అనుకుంటోంది.

ఇది చదివాక, తరవాత వచ్చిన పరికరాల కథ నాకు వేరేగా కనబడింది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ బుర్రకి చూపు పోవడమంటే ఒక ఇన్‌పుట్ పోవడం. ఆ సమాచారాన్ని ఇంకో దారిలో తెచ్చి పోస్తే సరి. ఆ ఇంకో దారి అప్పటికే పనిలో మునిగి ఉందని తట్టదు.

ఇంజినీరు లెస్లీ కే 1960లలో ఇంగ్లండులో తయారుచేసిన అల్ట్రాసోనిక్ టార్చి అలాంటిదే. వినబడని ధ్వనిని ముందుకి వదిలి, తిరిగొచ్చినదాన్ని వినబడే కూతగా మారుస్తుంది. వస్తువు దూరంగా ఉంటే కీచుగా, దగ్గరైనకొద్దీ బొంగురుగా. తరవాత దాన్నే కళ్ళజోడులో ఇమిడ్చాడు. చాలా అందమైన ఇంజినీరింగు. కానీ రోడ్డు మీద ఆ కూతలు వింటూ కూచుంటే కార్లనెవరు వింటారు?

జనం చేతుల్లో నిలిచినది కర్ర. రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికులకి 1944 నుంచి పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ అనే సార్జెంటు కొత్త పద్ధతి నేర్పాడు. (అంతకుముందు ఆయన మా పక్క రాష్ట్రం మేరీలాండ్‌లో అంధుల బడిలో పనిచేశాడు.) ఊతకర్ర కాదు, రొమ్ము ఎత్తున్న తేలికపాటి పొడుగు కర్ర. కుడికాలు ముందుకి పడేటప్పుడు కర్ర ఎడమవైపు తాకాలి, ఎడమకాలు పడేటప్పుడు కుడివైపు. అంటే తరవాతి అడుగు పడే చోటుని కర్ర ముందే తడిమి చెబుతుంది. చెవి జోలికి పోదు.

ఇక నేల. జపానులో సెయిచి మియాకే 1965లో బుడిపెల పలకలు కనిపెట్టాడు. 1967లో ఒకయామాలో అంధుల బడి దగ్గర మొదటిసారి పరిచారు. అమెరికాలో మాత్రం వీటి మీద పెద్ద గొడవే అయింది. చక్రాల కుర్చీల కోసం ఫుట్‌పాత్ అంచుల్ని వాలుగా చేసేసరికి, కర్రకి రోడ్డు మొదలైందని చెప్పే మెట్టు మాయమైంది. అక్కడ బుడిపెలు కావాలని అంధుల సంఘాల్లో ఒకటైన అమెరికన్ కౌన్సిల్ ఆఫ్ ది బ్లైండ్ అంది. అక్కర్లేదంది నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్: కర్ర, చెవి చాలు, ఊరంతా బుడిపెలు పరిస్తే మమ్మల్ని చేతకానివాళ్ళనుకుని ఉద్యోగాలివ్వరు అని. ఆ వాలుల దగ్గర నిబంధనని 1994 నుంచి 2001 దాకా పక్కన పెట్టారు. రైలు ప్లాట్‌ఫాంల దగ్గర మాత్రం అలాగే ఉంచారు. మా షాంటిలీకి మెట్రో లేదు, కారులో వియన్నా స్టేషన్‌కో, 2022 నవంబరులో సిల్వర్ లైన్ పొడిగించాక ఇన్నోవేషన్ సెంటర్‌కో వెళ్ళాలి. అక్కడ అంచున రెండడుగుల బుడిపెల పట్టీ మీద కాలు పడితే బూటులోంచి కూడా తెలుస్తుంది. నా ఓటు బుడిపెలకే, కానీ ఫెడరేషన్ వాళ్ళ భయం ఉత్తిదని మాత్రం అనలేను.

ఆ ఫెడరేషనే తరవాత చప్పుడు కావాలని పోరాడింది! హైబ్రిడ్ కార్లు చడీచప్పుడూ లేకుండా మీదికొస్తుంటే చెవి ఏం చేస్తుంది? 2011 జనవరిలో చట్టం అయింది. నెమ్మదిగా పోయే ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లు శబ్దం చెయ్యాలని 2016లో నిబంధన వచ్చింది.

మన దగ్గర సమస్య తిరగబడుతుంది. 2017లో మొదలైన హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో పసుప్పచ్చ పలకలున్నాయి. మెట్లు దిగి రోడ్డు మీదికొస్తే హారన్ల మోతలో చెవికి పని దొరకదు. ఫుట్‌పాత్ మీద బైకులు, తలకి తగిలే షాపు బోర్డులు, వేలాడే కేబుళ్ళు. మోకాలి పైనున్నవాటిని కర్ర పట్టుకోలేదు కదా. ఐఐటీ ఢిల్లీ వాళ్ళు 2014లో తెచ్చిన స్మార్ట్‌కేన్ వీటి కోసమే. కర్రకి తగిలించే చిన్న పెట్టె. లోపల కే వాడినట్టే అల్ట్రాసౌండే. కాకపోతే అది కూత పెట్టదు, పిడి పట్టుకున్న చేతిలో వణుకుతుంది.